మడమ ముల్లు: భయం వద్దు, శ్రద్ధ కావాలి

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



ఇలాంటి సమావేశాల్లో డాక్టరును పిలిస్తే గుండెపోటు గురించో, పక్షవాతం గురించో, షుగరు గురించో మాట్లాడడం ఆనవాయితీ. నేను ఈ రోజు మడమ నొప్పి గురించి మాట్లాడదలచుకున్నాను. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద సభ ఎందుకని మీకు అనిపించవచ్చు. మడమ నొప్పి ప్రాణం తీయదు. కాని నడక మాన్పిస్తుంది. మన వయస్సులో నడక మానినవారికి ఆరు నెలలు తిరిగేసరికి షుగరు పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది. తొడ కండరాలు సన్నబడి, కాలు తడబడి పడిపోవడం మొదలవుతుంది. అలా పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. అందుచేత మడమ నొప్పిని చిన్న విషయంగా తీసివేయవద్దని మనవి.

రెండో కారణం ఖర్చు. ఎముకల డాక్టరుగా నా దగ్గరకు వచ్చిన పెద్దలలో చాలామంది మొదట నొప్పి సంగతి చెప్పరు. కవరులోంచి ఎక్స్‌రే తీసి బల్లమీద పెట్టి, "డాక్టరుగారూ, మడమలో ఎముక పెరిగిందటండీ. కోసి తీసేయాలంటున్నారు" అంటారు. వారి ముఖంలో కనిపించేది నొప్పికంటే భయం. ఆ భయంతో కొందరు పెన్షను డబ్బు అవసరం లేని చికిత్సలకు పోస్తారు. ఇంకొందరు ఆపరేషనుకు భయపడి అసలు ఏ వైద్యమూ చేయించుకోక మంచానికి అతుక్కుపోతారు. ఈ రెండూ వద్దని చెప్పడమే నా ప్రసంగం ఉద్దేశం.

ముల్లు అంటే ఏమిటి?

మన ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు ఉంటాయి. వాటిలో అన్నిటికంటే పెద్దది మడమ ఎముక. పక్కనుంచి ఎక్స్‌రే తీస్తే, కొందరిలో ఆ ఎముక అడుగుభాగాన వేళ్లవైపు తిరిగిన చిన్న కొక్కెంలాంటిది కనిపిస్తుంది. దీనినే ఇంగ్లీషులో హీల్ స్పర్ అంటారు. స్పర్ అంటే కోడిపుంజు కాలికి ఉండే ముల్లు. ఆ పేరు వినగానే, అడుగు వేసినప్పుడల్లా ఆ ముల్లు మాంసంలో దిగబడుతోందని అనుకుంటాం. నిజానికి అది కింద నేలవైపు గుచ్చుకునేటట్లు ఉండదు. ముందుకు, వేళ్లవైపు తిరిగి ఉంటుంది.

ఎముక రాయిలాంటిది కాదు. అది సజీవమైన పదార్థం. ఎక్కడ లాగుడు, ఒత్తిడి ఎక్కువగా ఉంటే అక్కడ కొత్త ఎముకను వేసుకుంటుంది. ఈ సంగతిని 1892లో జూలియస్ ఊల్ఫ్ అనే జర్మను వైద్యుడు సిద్ధాంతంగా చెప్పాడు. నాగలి పట్టిన చేతికి కాయ కాయడం మనకు తెలిసిందే. మడమ ముల్లు కూడా దాదాపు అలాంటిదే. ఏళ్ల తరబడి మన బరువు మోసినందుకు మడమ ఎముక కాసిన కాయ అది.

ఇక ముఖ్యమైన విషయం. ఈ ముల్లు ఉన్నవారందరికీ నొప్పి ఉండదు. ఆస్ట్రేలియాలో 62 నుంచి 94 సంవత్సరాల వయస్సుగల 216 మంది పాదాలకు ఎక్స్‌రేలు తీసి 2008లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 119 మందికి, అంటే నూటికి 55 మందికి, కనీసం ఒక మడమ అడుగున ముల్లు ఉంది. మడమ నొప్పి ఉన్నవారిలో, లావుగా ఉన్నవారిలో, కీళ్ల అరుగుదల ఉన్నవారిలో ముల్లు మరికొంత ఎక్కువగా కనిపించిన మాట వాస్తవమే. అయినా వయస్సు మళ్లినవారిలో సగంమందికి పైగా కనిపించేదానిని జబ్బు అని ఎలా అంటాం? ముల్లు ఉండి నొప్పి లేనివారూ, నొప్పి ఉండి ముల్లు లేనివారూ ఎందరో ఉన్నారు.

ఇంకో ఆలోచన చేయండి. అంత ఎముక పెరగాలంటే కొన్ని సంవత్సరాలు పడుతుంది. మీ నొప్పి వచ్చి మూడు నెలలే అయింది. అంటే నొప్పి లేని రోజుల్లో కూడా ఆ ముల్లు అక్కడే ఉంది. మీ నొప్పి తగ్గిన తరువాత మళ్లీ ఎక్స్‌రే తీసినా అది అక్కడే ఉంటుంది.

మరి నొప్పి ఎక్కడిది?

మడమ ఎముక అడుగునుంచి బయలుదేరి అరికాలి పొడవునా వ్యాపించి, వేళ్ల మొదళ్లకు అతుక్కునే గట్టి పట్టీ ఒకటి ఉంది. వైద్యులు దీనిని ప్లాంటార్ ఫేసియా అంటారు. మనం అరికాలి పట్టీ అని చెప్పుకుందాం. విల్లుకు నారి ఎలాగో, పాదపు వంపుకు ఈ పట్టీ అలాగ. అడుగు తీసేటప్పుడు వేళ్లు పైకి వంగుతాయి. అప్పుడు బావి గిలకకు తాడు చుట్టుకున్నట్లు ఈ పట్టీ వేళ్ల మొదళ్ల చుట్టూ బిగుసుకొని, పాదాన్ని గట్టిపరచి, శరీరాన్ని ముందుకు నెడుతుంది. ఈ గిలక సూత్రాన్ని 1954లో హిక్స్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు.

రోజుకు వేలసార్లు బిగుసుకొని వదులయ్యే ఈ పట్టీ, మడమ ఎముకకు అతుక్కున్న చోట నలిగిపోతుంది. నొప్పి అక్కడినుంచి వస్తుంది. చాలాకాలం దీనిని వాపు జబ్బు అనుకొనేవారు. 2003లో అమెరికాలో, ఆపరేషను చేసిన 50 మంది పట్టీ ముక్కలను సూక్ష్మదర్శినితో పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి. వాటిలో వాపు లక్షణాలకు బదులు అరుగుదల, పోగులు చెదరడం కనిపించాయి. పాత తాడు పోగులు లేచినట్లన్నమాట. వాపు తగ్గించే మాత్రలు ఎన్ని మింగినా ఈ నొప్పి పూర్తిగా పోకపోవడానికి కారణం ఇదే.

ఈ నొప్పిని గుర్తుపట్టడం కష్టం కాదు. ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో చురుక్కుమంటుంది. పది అడుగులు వేశాక కొంత సర్దుకుంటుంది. చాలాసేపు కూర్చొని లేస్తే మళ్లీ అదే వరుస. సాయంత్రానికి, ఎక్కువసేపు నిలబడితే, మళ్లీ పెరుగుతుంది. రాత్రి నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కనుక పట్టీ వదులుగా, పొట్టిగా ఉండిపోతుంది. ఉదయం ఒక్కసారిగా బరువు పడగానే అది లాగబడుతుంది. మడమ అడుగున లోపలివైపు, కొంచెం ముందుగా వేలితో నొక్కితే నొప్పి తెలుస్తుంది. ఇంతవరకు సరిపోతే చాలామందికి ఎక్స్‌రే అవసరం కూడా లేదు. అనుమానం ఉన్నచోట అల్ట్రాసౌండ్ పరీక్షలో పట్టీ మందం కొలుస్తారు. 4 మిల్లీమీటర్లు దాటితే పట్టీ దెబ్బతిన్నదని భావిస్తారు.

ఈ బాధ కొత్తది కాదు. మన సుశ్రుత సంహితలో వాతకంటకం అనే వ్యాధి ఉంది. కంటకమంటే ముల్లు. ఎగుడుదిగుడు నేలమీద పాదం మోపడంవల్ల వచ్చే నొప్పిగా దానిని వర్ణించారు. ఎక్స్‌రేలు లేని కాలంలోనే, ముల్లు గుచ్చుకున్నట్లుండే నొప్పినిబట్టి వారు ఆ పేరు పెట్టారు.

ఎవరికి వస్తుంది?

నలభై దాటినవారికి ఎక్కువ. మడమ కింద కొవ్వుతో నిండిన మెత్త ఒకటి ఉంటుంది. వయస్సుతోబాటు దాని సాగేగుణం తగ్గుతుంది. శరీర బరువు ఎక్కువ ఉన్నవారికి, గంటల తరబడి నిలబడి పనిచేసేవారికి, పిక్క కండరాలు బిగుసుకొని ఉన్నవారికి వచ్చే అవకాశం హెచ్చు. మనలో బోర్డు దగ్గర నిలబడి పాఠాలు చెప్పినవారు, బస్సుల్లో నిలబడి టిక్కెట్లు కొట్టినవారు, వార్డుల్లో తిరిగిన నర్సులు ఉన్నారు. మన ఇళ్లలో ఇల్లాలు గ్రానైటు గచ్చుమీద చెప్పులు లేకుండా పొయ్యిముందు గంటల తరబడి నిలబడుతుంది. ఆమె కూడా నిలబడి పనిచేసే ఉద్యోగే. రిటైర్మెంటు లేని ఉద్యోగి.

పదవీ విరమణ తరువాత మరో సమస్య ఉంది. ముప్ఫై ఏళ్లు కుర్చీలో కూర్చున్నవారు ఒక్కసారిగా రోజుకు ఐదు కిలోమీటర్లు నడవడం మొదలుపెడతారు. తీరిక దొరికింది కనుక మొక్కులు తీర్చుకోవడానికి బయలుదేరతారు. అలిపిరి దారిలో మూడున్నర వేల మెట్లు, చిలుకూరులో 108 ప్రదక్షిణలు, అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ. అన్నీ చెప్పులు లేకుండానే. భక్తిని నేను కాదనను. కాని పాదాన్ని రెండు మూడు నెలల ముందునుంచి కొద్దికొద్దిగా అలవాటు చేసి వెళ్లండి. మడమ నొప్పి ఉన్న రోజుల్లో మొక్కు వాయిదా వేసుకోండి.

కొన్ని అపోహలు

మొదటిది: కాల్షియం ఎక్కువై ఎముక పెరిగిందని పాలు, పెరుగు మానేయడం, డాక్టరు రాసిన కాల్షియం మాత్రలు ఆపేయడం. ఇది చాలా పొరపాటు. తిండిలోని కాల్షియంవల్ల మడమ ముల్లు రాదు. మన ఆడవాళ్లలో ముట్లు ఆగిన తరువాత ఎముకలు గుల్లబారుతాయి. అలాంటి సమయంలో కాల్షియం మానితే మడమ ముల్లు తగ్గదు సరికదా, నడుమో తుంటో విరగవచ్చు.

రెండవది: ఎముకను కరిగించే మందు ఉందని నమ్మడం. పెరిగిన ముల్లును కరిగించే మాత్ర గాని, నూనె గాని, పొడి గాని ఏ వైద్యంలోనూ రుజువు కాలేదు. కరిగించాల్సిన అవసరమూ లేదు.

మూడవది కాల్చిన ఇటుక. వేడి ఇటుకమీద జిల్లేడాకులు పరచి మడమతో తొక్కడం మన పల్లెల్లో తరతరాలుగా ఉన్నదే. వేడికి కండరాలు సడలి కొంత హాయిగా ఉండే మాట నిజం. అయితే షుగరు వ్యాధి పదేళ్లు దాటినవారిలో చాలామందికి పాదాలలో స్పర్శ తగ్గి ఉంటుంది. కాలుతున్న సంగతి వారికి తెలియదు. చర్మం బొబ్బలెక్కి, పుండు పడి, చివరికి వేలో పాదమో తీసివేయవలసి రావచ్చు. మడమ నొప్పితో మొదలై కాలు పోగొట్టుకోవడంకంటే విషాదం ఉంటుందా? షుగరు ఉన్నవారు ఇటుక, వేడినీళ్ల సంచి, మంచుగడ్డ, వీటిలో దేనినీ పాదాలకు వాడవద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే కంటికి కూడా ప్రమాదమే.

ఇంట్లో చేయవలసినవి

సరైన శ్రద్ధ తీసుకుంటే ఆపరేషను లేకుండానే నూటికి సుమారు 90 మందికి ఈ నొప్పి తగ్గుతుంది. కాని వారంలో తగ్గదు. కొన్ని నెలలు, ఒక్కోసారి సంవత్సరం పడుతుంది. ఓపిక కావాలి. కింది పనులు రాసి పెట్టుకోండి.

ఒకటి, మంచం దిగకముందు చేసే వ్యాయామం. మంచం అంచున కూర్చొని, నొప్పి ఉన్న కాలిని రెండో తొడమీద అడ్డంగా పెట్టుకోండి. చేత్తో ఐదు వేళ్లనూ పట్టుకొని ముంగాలివైపు వెనక్కి లాగండి. రెండో చేతి బొటనవేలితో అరికాలు తడిమితే పట్టీ తీగలాగా బిగిసినట్లు తెలుస్తుంది. పది లెక్కపెట్టేవరకు పట్టుకొని వదలండి. ఇలా పదిసార్లు. రోజుకు మూడు పూటలా చేయాలి. మొదటి పూట మాత్రం తప్పకుండా మొదటి అడుగుకు ముందే చేయాలి. ఎంతోకాలంగా నొప్పి ఉన్న 101 మందిపై అమెరికాలో జరిగి 2003లో వెలువడిన పరిశోధనలో, పిక్కను మాత్రమే సాగదీసినవారికంటే ఇలా పట్టీని సాగదీసినవారికి ఎనిమిది వారాలలో ఎక్కువ గుణం కనిపించింది. ఒక్క పైసా ఖర్చు లేని వైద్యం ఇది. మోకాలు వంగనివారు కాలు చాపి, తువాలును ముంగాలికి తగిలించి రెండు చేతులా దగ్గరకు లాగవచ్చు.

రెండు, పిక్క వ్యాయామం. గోడకు రెండు చేతులూ ఆనించి, నొప్పి కాలును వెనక్కి చాపి, మడమ నేలకు ఆనించే ఉంచి, ముందుకు వంగండి. పిక్క లాగినట్లు అనిపించాలి. అర నిమిషం ఉంచి వదలండి. మూడుసార్లు చాలు.

మూడు, బలం పెంచే వ్యాయామం. నొప్పి కొంత తగ్గాక, తువాలు చుట్టి వేళ్ల కింద పెట్టుకొని, వంటగది గట్టు గట్టిగా పట్టుకొని, నెమ్మదిగా మడమలు పైకెత్తండి. మూడు లెక్కపెడుతూ పైకి, రెండు లెక్కపెట్టేవరకు నిలిపి, మూడు లెక్కపెడుతూ కిందికి. రోజు విడిచి రోజు చేయాలి. డెన్మార్కులో 48 మందిపై చేసి 2015లో ప్రకటించిన పరిశోధనలో మూడు నెలలకు దీనివల్ల మంచి గుణం కనిపించింది. వారు ఒంటికాలిమీద చేశారు. మనం రెండు కాళ్లమీద మొదలుపెడదాం. తల తిరిగేవారు, తూలేవారు ఇది చేయవద్దు.

నాలుగు, చెప్పులు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి. బయటి చెప్పులు వేరు, ఇంటి చెప్పులు వేరు పెట్టుకుంటే ఆచారానికి భంగం లేదు. వంటగదిలో నిలబడే చోట మందపాటి రబ్బరు పట్టా వేయించండి. అరిగి పలచబడిన హవాయి చెప్పులు పారేయండి. మడమ దగ్గర అర అంగుళం ఎత్తు, పాదపు వంపుకు ఆసరా ఉన్నవి మంచివి. బజారులో ఎం.సి.ఆర్. చెప్పులని దొరుకుతాయి. కుష్ఠువ్యాధివల్ల స్పర్శ పోయిన పాదాలకు పుండ్లు పడకుండా వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు ఇలాంటి మెత్తని రబ్బరు చెప్పులను వాడుకలోకి తెచ్చారు. ఇప్పుడు షుగరు రోగులకు, మడమ నొప్పివారికి అవే ఉపకరిస్తున్నాయి. మడమ కింద పెట్టుకునే సిలికాన్ మెత్తలు కూడా దొరుకుతాయి. ఒక కాలికే నొప్పి ఉన్నా రెండు కాళ్లకూ పెట్టుకోవాలి.

ఐదు, నడక. మానవద్దు, తగ్గించండి. గంట నడిచేవారు ఇరవై నిమిషాలు చేసుకొని, సిమెంటు రోడ్డు వదిలి మట్టిబాటమీద బూట్లతో నడవండి. అదీ కష్టమైతే కొన్ని వారాలు సైకిలు తొక్కినట్లు చేసే వ్యాయామం చేయండి. బరువు తగ్గితే ప్రతి అడుగులోనూ మడమకు ఆ మేరకు భారం తగ్గుతుంది.

ఆరు, పాదాలలో స్పర్శ బాగున్నవారు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, అరికాలి కింద పది నిమిషాలు దొర్లించవచ్చు.

మందులు, ఇంజెక్షన్లు, ఆపరేషను

నొప్పి మాత్రలు కొద్దిరోజులకు ఉపశమనం ఇస్తాయి, అంతే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి నెలల తరబడి షాపులో కొని మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, రక్తపోటు పెరగవచ్చు. గుండె జబ్బుకు రక్తం పలచన చేసే మందులు వాడేవారికి ఇవి మరింత ప్రమాదకరం. మడమను కాపాడుకోబోయి మూత్రపిండాలను పోగొట్టుకోవద్దు. పైపూతలు పూసుకోవచ్చు.

స్టెరాయిడ్ ఇంజెక్షను కొందరికి అవసరమవుతుంది. నొప్పి త్వరగా తగ్గుతుంది, కాని ఆ గుణం ఎక్కువగా నెల, రెండు నెలలే నిలుస్తుంది. పదేపదే చేయించుకుంటే పట్టీ తెగిపోయే ప్రమాదం, మడమ కింద కొవ్వు మెత్త కరిగిపోయే ప్రమాదం ఉన్నాయి. షుగరు ఉన్నవారికి కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. కాబట్టి ముందే డాక్టరుకు చెప్పండి. తగ్గిందికదా అని వ్యాయామం మానవద్దు. ఆ నెల రోజుల వెసులుబాటు వ్యాయామానికే.

నాలుగైదు నెలలు శ్రద్ధగా చేసినా తగ్గనివారికి షాక్‌వేవ్ అనే చికిత్స ఉంది. పేరు చూసి కరెంటు షాకని భయపడవద్దు. బయటనుంచి మడమకు ఒత్తిడి తరంగాలను పంపుతారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లో మడమ నొప్పికి దీనిని ఆమోదించింది. మొండి నొప్పికి ఇది కొంతవరకు పనిచేస్తుంది.

ఆపరేషను చివరి మాట. ఆరునెలలనుంచి సంవత్సరం వరకు అన్నీ చేసినా తగ్గని కొద్దిమందికే. అందులోనూ ముఖ్యమైన పని పట్టీని కొంతభాగం వదులు చేయడమే. ముల్లును తీయడం ప్రధానం కాదు. పట్టీని ఎక్కువగా కోస్తే పాదపు వంపు పడిపోయి మరో చోట నొప్పి మొదలవుతుంది. అందుచేత ఎవరైనా ఎక్స్‌రే ఒక్కటే చూసి, మీ మడమను చేత్తో ముట్టుకోకుండానే, ఆపరేషను తేదీ ఇస్తే రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. అది మీ హక్కు.

పాదంలో ఇతర ముళ్లు

మడమ వెనుక, పిక్కనుంచి దిగే లావుపాటి స్నాయువు అతుక్కునే చోట కూడా ముల్లు వస్తుంది. దీనిని మనవాళ్లు నరం అంటారు గాని అది నరం కాదు. అక్కడ నొప్పి ఉన్నవారు వెనుక పట్టీ ఒరుసుకునే బూట్లు మాని, మడమ కొంచెం ఎత్తు ఉన్న చెప్పులు వాడాలి. ఒక హెచ్చరిక. అరవై దాటినవారు, స్టెరాయిడ్ మాత్రలు వాడేవారు సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ వంటి మందులు వేసుకునే రోజుల్లో మడమ వెనుక కొత్తగా నొప్పి వస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. అరుదుగా ఆ స్నాయువు తెగే ప్రమాదం ఉంది.

కాలి బొటనవేలి కీలుమీద, పాదం పైభాగంలో వచ్చే ఎముక బొడిపెలు కీళ్ల అరుగుదలవల్ల వస్తాయి. ముందుభాగం వెడల్పుగా ఉండి, అడుగు గట్టిగా ఉండే బూట్లతో వీటికి చాలావరకు ఉపశమనం దొరుకుతుంది.

మన ప్రాంతానికి సంబంధించి మరొక మాట. ఫ్లోరైడు నీళ్లవల్ల ఎముకలు దెబ్బతినే వ్యాధిని 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్లగొండ, ప్రకాశం ప్రాంతాలు ఈ బాధను ఎంత అనుభవించాయో మీకు తెలుసు. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారికి ఎముకలు పలుచోట్ల పెరిగి, కీళ్లు, వెన్నెముక బిగుసుకుంటాయి. అక్కడ ఉద్యోగం చేసినవారు, అక్కడి వారు మడమతోబాటు నడుము, మెడ కూడా బిగుసుకుంటున్నాయంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

మడమ నొప్పి అన్నీ ఒకటి కావు. ఈ లక్షణాలు కనిపిస్తే వ్యాయామాలు పక్కనపెట్టి వెంటనే చూపించుకోండి.

రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి. జ్వరం, బరువు తగ్గడం, మడమ వాచి ఎర్రబడి వేడిగా ఉండడం. మడమను రెండు పక్కలనుంచి అదిమితే విపరీతమైన నొప్పి. ఇది గుల్లబారిన ఎముకలో సన్నని చీలిక కావచ్చు. మంటలు, తిమ్మిర్లు, స్పర్శ లేకపోవడం. ఉన్నట్లుండి అరికాలిలో పుటుక్కుమని తెగినట్లు అనిపించడం. షుగరు ఉన్నవారికి పాదంలో ఏ పుండు, ఏ పగులు, ఏ వాపు అయినా సరే. ఇంట్లో కుర్రవాళ్లకు రెండు మడమలూ నొప్పి పెడుతూ, ఉదయంపూట నడుము బిగుసుకుపోతుంటే అది కీళ్లవాత జబ్బు కావచ్చు. పిల్లలను వెంటనే పరీక్ష చేయించండి.

సభ్యులు అడిగిన ప్రశ్నలు

ప్రశ్న: ముల్లును అలాగే వదిలేస్తే ఇంకా పెరిగి అరికాలు చీల్చుకొని బయటకు రాదా?

జవాబు: రాదండీ. కొన్ని మిల్లీమీటర్లు ఉండి, అలాగే ఉండిపోతుంది. నొప్పి పోయాక దాని సంగతి మరచిపోవచ్చు.

ప్రశ్న: మా ఆవిడ పూజగదిలోకి, వంటగదిలోకి చెప్పులు రానివ్వదు. ఏం చేయాలి?

జవాబు: చెల్లెమ్మను తప్పుపట్టనక్కరలేదు. పూజ కూర్చొని చేసుకోవచ్చు. వంటగదిలో మందపాటి పట్టా వేయండి. మెత్తటి అడుగు కుట్టిన గుడ్డ మేజోళ్లు వేసుకోవచ్చు. కూరగాయలు తరగడం, బియ్యం ఏరడం కూర్చొని చేయమనండి. ఇంకా మంచిది, ఆ పనులు మీరు పంచుకోండి. మీరిద్దరూ పదవీ విరమణ చేసినట్లే కదా!

ప్రశ్న: వ్యాయామం చేస్తే మొదట్లో నొప్పి పెరిగింది. ఆపేయాలా?

జవాబు: కొంచెం లాగినట్లు ఉండడం సహజం. మరునాటి ఉదయానికి నొప్పి ముందుకంటే ఎక్కువైతే మోతాదు సగానికి తగ్గించండి. పూర్తిగా మానవద్దు. రెండు నెలలైనా గుణం లేకపోతే డాక్టరును కలవండి.

ప్రశ్న: ఎక్స్‌రే అసలు వద్దంటారా?

జవాబు: వద్దనను. ఎముక చీలిక, ఇన్‌ఫెక్షను, గడ్డ వంటివి లేవని తెలుసుకోవడానికి తీయిస్తారు. ముల్లు కనిపించినంత మాత్రాన భయపడవద్దనే చెబుతున్నాను.

ఈ సభకు వచ్చిన వారిలో ఎక్స్‌రే కవరు బీరువాలో పెట్టి నడక మానుకున్నవారు ఉండే ఉంటారు. రేపు ఉదయం మంచం దిగకముందు వేళ్లు పట్టుకొని పదిసార్లు వెనక్కి లాగండి. సంక్రాంతినాటికి మళ్లీ పార్కులో కలుద్దాం.